ప్రాక్టీసుకి తోయండి, పేరుకి తోయకండి

పిల్లల్లో ఏదో ఒక విద్య కనిపించిన ఇళ్ల నుంచి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. అన్నింటిలోనూ అడిగింది దాదాపు ఒకటే: ఎంతవరకు తోయాలి? శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన నాలుగింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఆటల శిక్షణ, సంగీతం, బడి చదువు తెలిసినవాళ్లం కలిసి రాసినవి.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. ఎనిమిది నెలలుగా ఊళ్లో వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుకుంటోంది. పైకి వస్తుందని కోచ్ గారు అంటున్నారు. వచ్చే నెల పోటీలకు మూడు కిలోలు తగ్గిస్తే కింది కేటగిరీలో పతకం ఖాయమని ఒకరు, వయసు రెండేళ్లు తక్కువ రాయించమని ఇంకొకరు చెప్తున్నారు. రోజూ రెండు పూటలా తీసుకెళ్దామనుకుంటున్నాను. తప్పా?
— ఒక తండ్రి, నెల్లిమర్ల మండలం

జవాబు: వేళకు లేపడం, తినిపించి పంపడం, బద్ధకంగా ఉందన్న రోజున "వెళ్లి రా తల్లీ" అని కాస్త గట్టిగా చెప్పడం తప్పు కాదు. ఏ పిల్లా తనంతట తాను ప్రతి పొద్దునా లేచి వెళ్లదు. వచ్చే నెల పతకం కోసం తోయడం మొదలుపెట్టినప్పుడే చిక్కు. మీకు అందిన రెండు సలహాలూ, మీరు అనుకుంటున్న రెండు పూటలూ ఆ కోవలోవే.

ముందు ఏళ్ల లెక్క చూడండి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 1975లో పుట్టారు, పన్నెండేళ్లకు బార్ పట్టారు. ప్రపంచ ఛాంపియన్ అయింది 1994లో. సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో ఒక్క ఊపులో ఎత్తే స్నాచ్‌లో 110, రెండు అంచెల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది 2000లో. అంటే మీ అమ్మాయి వయసులో మొదలుపెట్టాక పదమూడేళ్లకు. అంతర్జాతీయ పోటీల్లో యూత్ విభాగమే 13 ఏళ్లకు మొదలవుతుంది. వచ్చే నెల పతకం రాకపోయినా మీ అమ్మాయికి ఏ దారీ మూసుకుపోదు.

బరువు సంగతి. నెల లోపల మూడు కిలోలు దించాలంటే అన్నం మానిపించాలి, నీళ్లు తగ్గించాలి. పోయేది కొవ్వు కాదు, చాలావరకు ఒంట్లోని నీరు. దాంతో పిక్కలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి, బార్ మీద పట్టు జారుతుంది. పైగా ఈ వయసు ఆడపిల్ల ఏడాదికి నాలుగైదు కిలోలు, కొందరు ఇంకా ఎక్కువే పెరుగుతారు. పెరిగే ఒంటిని కింది కేటగిరీలో ఇరికించకండి, పై కేటగిరీలో ఆడించండి. నాలుగో స్థానం వస్తే రానీయండి.

బరువు దించడానికి నీటి మాత్రలు ఇచ్చేవాళ్లు కూడా ఎదురవుతారు. వాటి సంగతి మీ మండలంలోని కొండవెలగాడ వాళ్లకు బాగా తెలుసు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో ఆ ఊరి వెయిట్‌లిఫ్టర్ మత్స సంతోషికి మొదట వచ్చింది కంచు. స్వర్ణం గెలిచిన పదహారేళ్ల నైజీరియా అమ్మాయి పరీక్షలో అమిలోరైడ్, హైడ్రోక్లోరోథయజైడ్ బయటపడ్డాయి. రెండూ మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందులే. ఆ స్వర్ణం వెనక్కి తీసుకున్నారు, సంతోషి పతకం వెండి అయింది. ఒంట్లో ఏం దొరికినా మొదటి జవాబుదారీ క్రీడాకారిణిదే, ఆమె వయసు పదహారైనా సరే. కాబట్టి జలుబు మాత్ర ఇచ్చే ముందు కూడా "మా పిల్ల పోటీల్లో ఆడుతుంది" అని డాక్టరుకు చెప్పండి. ప్రోటీన్ పొడులు కొనకండి. డబ్బా మీద రాయని మందులు వాటిలో కలిసి దొరికిన సందర్భాలున్నాయి.

ఆ డబ్బా ఖర్చుతో ఇంట్లోనే మంచి తిండి పెట్టొచ్చు. పొద్దున ప్రాక్టీసుకు ముందు చోడి (రాగి) అంబలి, ఒక అరటిపండు. వచ్చాక రెండు గుడ్లు, అన్నమో ఇడ్లీయో. మధ్యాహ్నం బడిలో గుడ్డు, చిక్కీ పెడతారు, వదలకుండా తినమనండి. సాయంత్రం ఉలవ గుగ్గిళ్లో వేరుశనగలో. రాత్రి పప్పన్నం, పెరుగు. ఆరోగ్య కేంద్రంలో ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి. ఈ వయసుకు 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత కిందే లెక్క. అది ఉన్నంతకాలం ఎంత సాధన చేసినా పిల్ల త్వరగా అలసిపోతుంది. మనం దాన్నే బద్ధకం అనుకుని తిడతాం.

రెండు పూటలు వద్దు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, గంటో గంటంపావో చాలు. ఏడాది దాటాక నాలుగు రోజులు చేయొచ్చు. ఆడవాళ్ల పోటీ బార్ బరువే 15 కిలోలు. అంతకుముందు కర్రతో, తర్వాత 5 లేక 10 కిలోల శిక్షణ బార్‌తో ఒడుపు కుదరాలి. నడుము వంగకుండా, మోకాళ్లు కాలివేళ్ల దిశలోనే ఉండి, బార్ ఒంటికి దగ్గరగా వస్తూ వరుసగా అయిదుసార్లు ఎత్తగలిగితేనే కిలోనో రెండు కిలోలో పెంచాలి. చుట్టాలొచ్చారని, వీడియో తీస్తున్నారని వారం వారం గరిష్ఠ బరువు ఎత్తించే చోట నడుము నొప్పులు మొదలవుతాయి. పెరిగే పిల్లల్లో నడుము నొప్పి రెండు వారాలు దాటితే తైలం రాసి ఊరుకోకండి, ఎముకల డాక్టరుకు చూపించండి. వెన్నుపూసలో సన్నని చీలిక వచ్చి ఉండొచ్చు.

గోడ మీద గీత గీసి మూడు నెలలకోసారి ఎత్తు కొలవండి. రెండు సెంటీమీటర్లు, ఆపైన పెరిగితే అది ఒళ్లు ఎదిగే సమయం. అప్పుడు బరువులు పెంచకుండా ఒడుపు మీదే పని చేయమని కోచ్ గారితో మాట్లాడండి. ఇంకొకటి అమ్మాయి తల్లి చూసుకోవాలి: నెలసరి మొదలయ్యాక వరుసగా మూడు నెలలు ఆగిపోతే ఆడపిల్లకు తిండి చాలడం లేదన్న గుర్తు కావచ్చు. వెంటనే డాక్టరుకు చూపించాలి.

వయసు మార్చడం గురించి ఒక్క మాటే. ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీస్తే ఎముక వయసు తెలిసిపోతుంది. పట్టుబడితే నిషేధం పడేది పిల్ల మీద. పట్టుబడకపోయినా, తన కన్నా చిన్నవాళ్ల మీద గెలిచానన్న సంగతి ఆ పిల్లకు తెలుసు.

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. ఏ పాటైనా రెండుసార్లు వింటే పాడేస్తాడు. రీల్స్ పెడితే బాగా చూస్తున్నారు. హైదరాబాద్‌లో టీవీ పోటీకి పంపుతామని, ముందు పాతిక వేలు కట్టమని ఒకాయన ఫోన్ చేశారు. పంపమంటారా?
— ఒక తల్లి, విజయనగరం

జవాబు: డబ్బు కట్టకండి అమ్మా. ఆడిషన్‌కు ముందు పాతిక వేలు అడిగిన మనిషిని నమ్మడానికి ఏ ఆధారమూ లేదు. ఛానల్‌ను నేరుగా సంప్రదించి కనుక్కోండి.

నిజంగా పిలుపు వస్తే, పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు చట్టం కొన్ని రక్షణలు ఇచ్చింది. బాల కార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ, 2017 నిబంధనల ప్రకారం షూటింగ్ జరిగే జిల్లా కలెక్టరు అనుమతి నిర్మాత తీసుకోవాలి. రోజుకు అయిదు గంటలకు మించి పని ఉండకూడదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులకు మించకూడదు. బడి చదువు ఆగకూడదు. వచ్చే డబ్బులో కనీసం 20 శాతం పిల్లవాడి పేరున జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. పిల్లవాడి ఇష్టం లేకుండా చేయించకూడదని కూడా అందులోనే ఉంది. ఈ మాటలు ఒప్పందంలో ఉన్నాయో లేవో సంతకానికి ముందు చూడండి. ఎన్నేళ్లపాటు వేరేచోట పాడకూడదన్నారో కూడా చదవండి. పిల్లవాడు తన విద్యతో సంపాదించింది ఆదాయపన్ను లెక్కలో అతని ఆదాయమే. డిపాజిట్ మీద వడ్డీని మాత్రం మీ దంపతుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి లెక్కలో కలుపుతారు.

దీనికన్నా ముఖ్యమైనది గొంతు. మగపిల్లలకు పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య గొంతు మారుతుంది. కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది పైగా పై స్థాయి అందదు, జీర వస్తుంది. తొమ్మిదేళ్లకు పేరొచ్చిన పిల్లవాడు "నా పాట పోయింది" అనుకునేది అప్పుడే. ఆ రోజు కోసం ఇప్పటినుంచే సిద్ధం చేయాలి. మీ ఊళ్లోనే 1919లో మొదలైన మహారాజా సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పారు, సుశీల గారు అక్కడే చదివారు. ఘంటసాల ఎక్కడినుంచో విజయనగరం వచ్చి, వారాలు చెప్పుకుని తింటూ పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్నారు. అంత దూరం నుంచి వచ్చి నేర్చుకున్న ఊళ్లో ఉంటూ, మన పిల్లవాడికి తొలి పాఠాలైన సరళీ స్వరాలు రాకుండా టీవీకి పంపడం బాధగా ఉంటుంది.

రోజుకు ఇరవై నిమిషాలు పొద్దున, ఇరవై నిమిషాలు సాయంత్రం చాలు. సరళీ, జంట స్వరాలు, అలంకారాలు మూడు కాలాల్లో (వేగాల్లో) కుదిరేవరకు తర్వాతి పాఠాలైన గీతాలకు తొందరపడకండి. కరావోకే ట్రాకులు పెద్దవాళ్ల శ్రుతిలో ఉంటాయి, పిల్లవాడు అరిచి అందుకుంటాడు. అతని గొంతుకు సరిపోయే శ్రుతికి మార్చి పాడించండి. పాడేటప్పుడు మెడ నరాలు ఉబ్బితే ఆ శ్రుతి సరిపోలేదన్నమాట. బొంగురు రెండు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. పదేళ్లు వచ్చాక వయొలినో మృదంగమో కూడా మొదలుపెడితే, గొంతు మారే కాలంలో చేతిలో సంగీతం ఉంటుంది. కళలు నేర్చుకునే పది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు కేంద్రం ఇచ్చే సీసీఆర్‌టీ స్కాలర్‌షిప్ ఉంది, బాబుకు పదేళ్లు నిండగానే దరఖాస్తు చూడండి.

రీల్స్ ఆపేయమనడం లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఖాతాకు పదమూడేళ్లు నిండాలి కాబట్టి అది మీ పేరునే ఉండాలి. బడి యూనిఫాం, ఇంటి వీధి కనిపించకూడదు. ఎంతమంది చూశారన్న అంకె బాబుకు చూపించకండి. తగ్గిన రోజున ఆ అంకెను తన గొంతుకు వేసిన మార్కు అనుకుంటాడు.

ప్రశ్న: నాకు పదిహేనేళ్లు. ఏడేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటున్నాను, చాలా బహుమతులు వచ్చాయి. ఇక మానేయాలనిపిస్తోంది. అమ్మ నాకోసం ఉద్యోగం మానేసింది. ఎలా చెప్పాలి?
— ఒక అమ్మాయి, శ్రీకాకుళం

జవాబు: అమ్మా, నీకు విసుగొచ్చింది నాట్యం మీదా, పోటీల మీదా? ఇంట్లో ఎవరూ చూడనప్పుడు కాళ్లు వాటంతటవే అడుగులు వేస్తున్నాయంటే పోటీల మీదే. అలాగైతే మూడు నెలలు పోటీలు ఆపి, వారానికి రెండు క్లాసులు మాత్రం ఉంచమని అడుగు. ఓడిన రోజున, తిట్లు తిన్న రోజున ఈ మాట ఎత్తకు. మామూలు రోజున, అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు చెప్పు. మూడు నెలల తర్వాత కూడా మనసు రాకపోతే మానేయొచ్చు. ఏడేళ్ల తాళజ్ఞానం ఎక్కడికీ పోదు. అమ్మ ఉద్యోగం మానేయడం అమ్మ తీసుకున్న నిర్ణయం, ఆ బాకీ నీది కాదు. ఈ మాట మీ అమ్మగారు కూడా చదవాలని రాస్తున్నాం. క్లాసులో ఎవరైనా కొట్టడం, తాకడం లాంటివి కారణమైతే మూడు నెలలు ఆగొద్దు. ఈరోజే అమ్మకు చెప్పు, లేదా పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చెయ్యి.

ప్రశ్న: నా మనవడు ఆరో తరగతి. లెక్కల్లో గట్టోడు. తెల్లారగట్ల నాలుక్కి లేపేత్తన్నారు, రేత్రి పదకొండు దాకా పుస్తకమే. ఇస్కూల్లో నిద్దరోతన్నాడని మాస్టారు కబురెట్టారు. వచ్చే యేడు ఐఐటీ అని హాస్టల్లో ఏసేత్తారట. నేను సెప్తే ఇంట్లో ఎవలూ ఇనరు. మీరు రాత్తే ఇంటారు.
— ఒక నాయనమ్మ, టెక్కలి

జవాబు: మీ కొడుకూ కోడలూ వినాలనే రాస్తున్నాం అమ్మా. పన్నెండేళ్ల లోపు పిల్లలకు తొమ్మిది గంటలకు తగ్గకుండా నిద్ర కావాలి. మీ మనవడికి అందుతున్నది అయిదు గంటలు. పగలు చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. అది కోస్తే ఎంత గట్టోడైనా చేసిన లెక్కలే మళ్లీ తప్పు చేస్తాడు.

పదహారేళ్ల లోపు పిల్లలను కోచింగ్ సెంటర్లు చేర్చుకోకూడదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆరో తరగతిలో ఎనిమిదో తరగతి సూత్రాలు కంఠతా పట్టిన పిల్లలు, ప్రశ్న కాస్త తిప్పి అడిగితే ఆగిపోతారు. లెక్కల్లో చురుకైనవాడికి ఒకే రకం వంద లెక్కలు వద్దు. రోజుకు ఒక్క గట్టి లెక్క ఇచ్చి అరగంట, ముప్పావు గంట వాడినే పట్టు పట్టనివ్వాలి. జవాబు రాకపోతే మర్నాడు మళ్లీ చూస్తాడు.

దారులు ఇంకా ఉన్నాయి. ఎనిమిదో తరగతిలో ఉండగా వెన్నెలవలస నవోదయలో తొమ్మిదో తరగతి ప్రవేశానికి పరీక్ష రాయొచ్చు. కోరుకొండ సైనిక్ స్కూల్లోనూ తొమ్మిదిలో చేర్చుకుంటారు. ప్రభుత్వ బడిలో చదువుతుంటే, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షల లోపైతే, ఎనిమిదిలో ఎన్ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి. నెగ్గితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి.

ముందు ఆ నాలుగు గంటల అలారం తీసేయించండి. తొమ్మిదికి పడక, ఆరింటికి లేపడం. రెండు వారాలు అలా జరిగాక బడికి వెళ్లి, పిల్లాడు ఇంకా కునుకుతున్నాడేమో మాస్టారినే అడగమని మీ అబ్బాయితో చెప్పండి.