పూడిక

చిరంజీవికి,

నీ కథ మూడుసార్లు చదివాను నాయనా. మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథికి కేన్సర్ వచ్చిన కొబ్బరి రైతు, అతని భార్య, కోనసీమ ఇల్లు. ఈ వస్తువు ఎత్తుకున్నందుకే నిన్ను దగ్గరకు తీసుకోవాలనిపించింది. మన వైపు మగాళ్లు మూత్రం బిగిసిందని అరుగు మీద కూర్చుని చెప్పుకుంటారు గానీ పడక సంగతి పెదవి దాటనివ్వరు. నేనూ ‘కరెంటు’, అదే రేడియేషన్, పెట్టించుకున్నవాణ్ణే. ఆ చనువుతో రాస్తున్నాను.

ఆఖరి రేడియేషన్ అయి ఇంటికొచ్చిన రాత్రే అతనికి అంతా పోయినట్టు రాశావు. అలా జరగదు. ఆపరేషన్ చేసి ప్రోస్టేట్ తీసేస్తే లాకులు దించినట్టు వెంటనే తెలిసిపోతుంది, తర్వాత కొందరికి మెల్లగా కోలుకుంటుంది. రేడియేషన్‌ది కాలవలో పూడిక పడే తీరు. కిరణాలు తగిలిన సన్నటి రక్తనాళాలు, నరాలు నెలల తరబడి దెబ్బతింటూ వస్తాయి. ఆరు నెలలకో, ఏడాదికో, కొందరికి రెండు మూడేళ్లకో అంగం గట్టిపడటం తగ్గుతుంది. కొందరికి తగ్గకపోవచ్చు కూడా. వయసు, షుగరు, వైద్యానికి ముందు ఎలా ఉండేది, ఇవన్నీ లెక్కలోకొస్తాయి. గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్న మనిషికి ఏడాది తర్వాత ఇది ఎదురైతే రేడియేషన్ మీదికి అనుమానమే పోదు. వయసైపోయిందనుకుంటాడు. ఆవిడేమో తన మీద మనసు పోయిందనుకుంటుంది. నీ కథ ఉన్నది అక్కడ.

మూడు నెలలకోసారి ఇంజెక్షన్ ఇచ్చారని ఒక్క వాక్యంలో దాటేశావు. అక్కడ ఆగాలి. ఈ కేన్సర్‌ని పెంచేది మగ హార్మోనేనని చార్లెస్ హగ్గిన్స్ అనే డాక్టరు 1941లో చూపించాడు, 1966లో నోబెల్ అందుకున్నాడు. ఆ ఇంజెక్షన్ హార్మోన్‌ని అణిచేస్తుంది, దాంతో కోరికే చచ్చిపోతుంది. కోరిక ఉండి ఒళ్లు సహకరించకపోవడం ఒక బాధ. కోరికే లేక, పోయినదాని కోసం బెంగ కూడా కలగకపోవడం వేరే బాధ. నువ్వు రెండూ కలిపేశావు.

నాకు మాఘమాసం చలిలో అర్ధరాత్రి ఒళ్లంతా ఆవిర్లు పుట్టి చెమటలు కారేవి. మా ఆవిడ లేచి తడితువ్వాలు తెచ్చి మెడ తుడుస్తూ, ‘నాకు ముట్లు ఆగినప్పుడు ఇలాగే వచ్చేవండి, మీరు అటు తిరిగి పడుకునేవారు’ అంది. కోపంగా అనలేదు. నలభై ఏళ్ల కాపురంలో నేను చూడనిది ఆ రాత్రి చూశాను. నీ కథలో భార్య కాఫీ ఇవ్వడానికి తప్ప నోరు తెరవదు.

వీర్యం తగ్గిపోతుంది, ఒక్కోసారి అసలు రాదు. ఆ ద్రవం చాలావరకు తయారయ్యేది ప్రోస్టేట్‌లోను, దాని పక్కనున్న తిత్తుల్లోను. సుఖం మాత్రం కలుగుతుంది. ఇది తెలియక నేను హడలిపోయాను. మాకు వైద్యం చేసినచోట ఒక్కరూ ఈ మాట ఎత్తలేదు, అరవై దాటినవాడికి ఎందుకులే అనుకున్నారేమో! ఆ కోపం నాకింకా పోలేదు. కరెంటు తనకీ అంటుతుందేమోనని మా ఆవిడ కొన్నాళ్లు నేల మీద చాప వేసుకుంది. బయట మిషన్‌తో పెట్టే రేడియేషన్ ఒంట్లో మిగలదని ఎవరైనా ఒక్క ముక్క చెబితే ఆ చాప పరిచేదే కాదు.

‘సంసారానికి పనికిరానివాడు’ అని నాలుగుచోట్ల వాడావు. నాలుగూ కొట్టెయ్.

ముగింపు మాత్రం తప్పక మార్చాలి. అతను గుండెనొప్పికి నాలిక కింద మాత్ర పెట్టుకుంటాడని మొదట్లోనే చెప్పావు. చివర్లో స్నేహితుడి మాట మీద అమలాపురం మందులషాపులో అంగం గట్టిపడటానికి వాడే సిల్డెనాఫిల్ మాత్ర కొని వేసుకుంటాడు. నాలిక కింద పెట్టుకునే ఆ నైట్రేట్ మాత్రకి ఇది తోడైతే బీపీ దారుణంగా పడిపోయి ప్రాణమే పోవచ్చు. కథ చదివి ఎవరో ఒకరు అలాగే చేస్తారు. అతన్ని యూరాలజిస్టు దగ్గరకు పంపు. మాత్ర పడనివాళ్లకి వాక్యూమ్ పంపు ఉంది, ఇంకా వేరే దారులున్నాయి. భార్యని కూడా వెంట పంపు. డాక్టరు ‘ఇంకేమైనా ఇబ్బందా?’ అన్నప్పుడు ఇద్దరిలో ముందు ఎవరు నోరు విప్పుతారో చూసి రాయి. రాశాక పంపించు, కాచుకుని ఉంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు