ప్రకటనల చరిత్ర చదువుతానన్న మేనకోడలికి

చిట్టితల్లీ,

బ్యాంకు ఉద్యోగం మానేసి, పాత పత్రికల్లోని వ్యాపార ప్రకటనల మీద పీహెచ్‌డీ చేస్తావట. మీ నాన్న ఫోన్లో చెప్పగానే గర్వంగానూ అనిపించింది, గుండెలో రాయీ పడింది. చరిత్ర శాఖవాళ్లు "ఇది కామర్సు కదమ్మా" అంటారు, కామర్సువాళ్లు "లెక్కలేవి?" అంటారు. ఇద్దరికీ జవాబు చెప్పుకోవాలి నువ్వు.

యూజీసీవాళ్ల నెట్ పరీక్ష రాయి, పరిశోధన చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకో. ఫెలోషిప్ చేతిలో లేకుండా రాజీనామా ఇవ్వకు.

ఇక అసలు సంగతి. ఈ దారిలో కొత్తగా దిగినవాళ్లు ప్రకటన కనబడితే చాలు, సరుకు అమ్ముడైపోయిందనుకుంటారు. ఆంధ్రపత్రికలో అమృతాంజనం ప్రకటనలు లెక్కపెట్టి, తెలుగువాళ్ల ఇళ్లలోకి ఆ మందు ఇంతగా పాకిందని రాసేస్తారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారిదే ఆ పత్రిక కూడా! గృహలక్ష్మి పత్రిక సంగతీ అంతే, అది లోధ్ర అనే ఆడవాళ్ల మందు అమ్మిన కేసరిగారిది. సొంత పత్రికలో సొంత మందు ప్రకటననీ, బయటివాడు డబ్బు కట్టి వేయించుకున్నదాన్నీ ఒకే గాటన కడితే నీ పట్టికలన్నీ వృథా. అందుకని ప్రతి ప్రకటనకూ పత్రిక, తేదీ, పేజీ, సెంటీమీటర్లలో కొలత, సరుకు, ధర, అమ్మేవాడి ఊరు రాసుకుని, చివర "పత్రికతో సంబంధం" అని ఇంకో గడి గియ్యి. అది ఖాళీగా వదిలావో, చెవి మెలేస్తాను.

ధరలన్నీ పైల్లోకి మార్చుకో: రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు, మొత్తం 192. 1957 ఏప్రిల్ నుంచి రూపాయికి నూరు నయాపైసలు. వి.పి. (సరుకు అందాక పోస్టుమాన్‌కి డబ్బు కట్టే పద్ధతి) ఖర్చు ప్రత్యేకమని ఉంటే అదీ కలుపు, పల్లెలో తెప్పించుకున్నవాడికి పడ్డ ధర అదే.

బైండింగుతో జాగ్రత్త. మాసపత్రికల్ని సంపుటాలుగా కుట్టించేటప్పుడు అట్టలూ ప్రకటనల కాగితాలూ తీసి పారేయడం మామూలే. వాటికి చాలాసార్లు పేజీ నంబరు ఉండదు కాబట్టి, పోయిన జాడ కూడా తెలియదు. వేటపాలెం సారస్వత నికేతనంలాంటి పాత గ్రంథాలయంలో ఇంకో ప్రతి దొరుకుతుందేమో చూసి, రెండూ పోల్చాకే "ఆ సంవత్సరం ప్రకటనలు లేవు" అని రాయి.

అమ్మకాల సంగతి కావాలంటే కోర్టు కాగితాలు వెతుకు. పేరు కాపీ కొట్టారని దావా వేసినవాడు తన సరుకుకు పేరుందని రుజువు చెయ్యాలి. ఆ తంటాలో డబ్బా రంగు, ఏజెంట్ల ఊళ్లు, ఒక్కోసారి అమ్మకాల లెక్కలూ బయటపడతాయి.

నాకు నిద్రపట్టనిది మాత్రం కంపెనీవాళ్ల గురించే. పాత చిట్టాలు చూపిస్తామని కాఫీ ఇచ్చి మరీ కూర్చోబెడతారు. ఏమేం కాపీ తీసుకోవచ్చో, అచ్చుకు ముందు వాళ్లకు చూపించాలో వద్దో ముందే కాగితం మీద రాయించుకో. అధ్యాయం ఆపే హక్కు వాళ్లకుందని ఒక్క వాక్యం కనబడ్డా సంతకం పెట్టకు, లేచి వచ్చెయ్.

పాత కాగితాల దుమ్ముకి నీకు ఆయాసం వస్తుంది. మాస్కులూ, రెండో ఇన్‌హేలరూ సంచిలో పెట్టుకో. వేటపాలెం వెళ్తే అరకిలో జీడిపప్పు పట్రా, బిల్లు మాత్రం పారెయ్యకు.

మీ అత్త