ఫ్రాన్స్ పల్లెల్లో పాత కోటలు, శిథిలాలు చూడాలంటే ఎటు వెళ్లాలి? పెద్దవాళ్లతో కుదురుతుందా, కారు తప్పదా?

జూన్‌లో అమ్మానాన్నలతో వస్తున్నామని, పారిస్ రెండు రోజులు చాలని, మిగతా రోజులు పల్లెల వైపు మధ్యయుగపు కోటలు చూడాలని ఉందని రాశారు కదా. ఎవరినడిగినా ముందు లువార్ లోయ పేరే చెబుతారు. అక్కడ ఎక్కువగా ఉండేవి రాజుల విలాస భవనాలు. తోటలు, పటాలు, అలంకరించిన గదులు బాగానే ఉంటాయి కానీ మీరు అడిగింది అది కాదనుకుంటా. సగం కూలిపోయి, మిగతా సగం కొండ అంచున నిలబడి ఉన్న గోడలు కావాలంటే దక్షిణాన ఓద్ జిల్లాకు, కోర్బియేర్ కొండల వైపుకు రండి. నేను తులూజ్‌లో ఉద్యోగం చేస్తున్నాను. సెలవు దొరికి ఎండ కాస్తే మా కారు అటే తిరుగుతుంది. మన తెలుగువాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు, ఎక్కువమంది విమానాల కంపెనీల్లో. చుట్టాలు వచ్చినప్పుడల్లా అందరూ కార్కసోన్ అనే కోట ఊరు చూపించి వెనక్కి తిప్పేస్తారు. అసలు సరుకు దాని వెనక కొండల్లో ఉంది.

వెళ్లేముందు కొంచెం చరిత్ర తెలిసి ఉంటే మంచిది. లేకపోతే మూడో కోట దగ్గరికి వచ్చేసరికి అన్నీ ఒకేలాంటి రాళ్లగుట్టలనిపిస్తాయి. దారి పొడవునా బోర్డుల మీద 'కతార్ కోటలు' అని ఉంటుంది. కతార్లు ఆ ప్రాంతంలో బలంగా ఉన్న ఒక క్రైస్తవ శాఖ. కాథలిక్ చర్చి వాళ్లను మతద్రోహులంది. 1209లో మూడో ఇన్నొసెంట్ పోప్ పిలుపు మీద ఉత్తరాది ప్రభువులు దండెత్తి వచ్చారు. ఆ కథంతా నిజమే. కానీ ఈ రోజు కొండకొమ్ముల మీద మనం చూసే గోడల్లో ఎక్కువ భాగం కతార్లు ఓడిపోయాక కట్టినవి. పేర్‌పెర్తూజ్ 1240లో, కెరిబ్యూస్ 1255లో ఫ్రాన్స్ రాజు చేతికి వచ్చాయి. 1258లో కోర్బెయ్ ఒప్పందంతో దక్షిణాన స్పెయిన్ వైపున్న అరగాన్ రాజ్యంతో సరిహద్దు ఈ కొండల పక్కనే స్థిరపడింది. అప్పటి నుంచి ఇవి సరిహద్దు కాపలా కోటలు. పేర్‌పెర్తూజ్, కెరిబ్యూస్, ప్యూలొరాన్స్, తెర్మ్, అగిలార్, ఈ ఐదింటినీ కార్కసోన్‌కు ఐదుగురు కొడుకులంటారు. 1659లో పిరనీస్ ఒప్పందంతో సరిహద్దు దక్షిణాన పర్వతాల మీదికి జరిగిపోయింది. ఇక వీటితో పెద్దగా పని లేదు, మెల్లగా పాడుబడ్డాయి. తెర్మ్ కథ మాత్రం వేరు, దాన్ని 17వ శతాబ్దంలోనే ప్రభుత్వమే మందుపాతర పెట్టి పేల్చేసింది. సరిహద్దు సంగతి తెలిశాక చూస్తే ఒక కోట మీద నిలబడి ఇంకో కోట ఎందుకు కనిపిస్తోందో, కాపలా దక్షిణం వైపు ఎందుకు పెట్టారో మీకే అర్థమవుతుంది.

ఒక్కరోజే ఉంటే కెరిబ్యూస్, పేర్‌పెర్తూజ్ రెండూ చూడండి. మూడోది పెట్టుకోవద్దు, కాళ్లు ఒప్పుకోవు. కెరిబ్యూస్‌కు పొద్దున్నే వెళ్లండి. కింద క్యూక్యూన్యాన్ అని చిన్న ఊరు ఉంది. అక్కడ బాగుచేసిన పాత గాలిమర, దాని పక్కనే రొట్టెల కొట్టు ఉన్నాయి. రొట్టె కొనుక్కుని పైకి వెళ్లండి. పార్కింగ్ దాకా కారు వెళ్తుంది. భువనగిరి కోట ఎక్కినవాళ్లు ఈ ఎక్కుడుకు భయపడక్కర్లేదు, కాకపోతే ఇక్కడ గాలి మనిషిని పక్కకు నెట్టేస్తుంది. కోట 728 మీటర్ల ఎత్తున ఉంది. పైన బురుజు లోపల ఒక గది ఉంటుంది, దాన్ని వదలొద్దు. గది మధ్యలో ఒకే ఒక్క స్తంభం, కప్పు బరువంతా దాని మీదే. అదీ సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. ఎందుకలా కట్టారని మా ఆవిడ, నేను ఎంతసేపు వాదించుకున్నామో! ఆకాశం తేటగా ఉంటే పైనుంచి ఒకవైపు కనిగూ పర్వతం, ఇంకోవైపు మధ్యధరా సముద్రం కనిపిస్తాయి.

పేర్‌పెర్తూజ్ ఇంకా పెద్దది. దాదాపు 800 మీటర్ల ఎత్తున, కొండ వెన్ను పొడవునా 300 మీటర్ల మేర పరుచుకుని ఉంటుంది. కింద దుయాక్ ఊరి నుంచి చూస్తే కొండ ఎక్కడ అయిపోయి గోడ ఎక్కడ మొదలైందో తెలియదు. రెండూ ఒకే సున్నపురాయి. పార్కింగ్ దగ్గర మొదలైన కాలిదారి కొండ వెనకవైపు చుట్టి పొదల నీడలోంచి వెళ్తుంది. లోపల కింది కోట, పైన సాన్ జోర్డి అనే రాజుగారి బురుజు. ఆ రెంటినీ కలుపుతూ రాతిలో తొలిచిన మెట్లున్నాయి. తొమ్మిదో లూయీ రాజు కాలానివి, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. అడుగులు పడీ పడీ మెట్ల అంచులు అరిగి నున్నగా మెరుస్తుంటాయి. ఒకవైపు లోయ. చెప్పులతో ఎక్కేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. మంచి పట్టున్న బూట్లు వేసుకోండి. ఉరుములు, పెద్ద గాలి ఉంటే ఈ కోట మూసేస్తారు కాబట్టి బయల్దేరేముందు వాళ్ల వెబ్‌సైట్ చూసుకోండి.

ఇంత ఎత్తున నీళ్లెలా అని మా నాన్న మొదటి ప్రశ్న. సరైన ప్రశ్నే. బావి తవ్వే వీల్లేదు కాబట్టి వాననీళ్లను రాతి తొట్లలోకి మళ్లించి దాచుకునేవారు. కోటకు ప్రాణం అక్కడే, ప్రమాదం కూడా అక్కడే. 1210లో ఆ దండయాత్ర నాయకుడు సిమోన్ ద మోన్‌ఫోర్ తెర్మ్ కోటను నెలల తరబడి ముట్టడించాడు. తొట్లు ఎండిపోయి లోపలివాళ్లు ద్రాక్షసారా తాగి గడిపారట. చివరికి వాన పడింది, తొట్లు నిండాయి. ఆ నీళ్లు తాగి రక్తవిరేచనాలు పట్టుకుని, రాత్రికి రాత్రి కోట వదిలి పారిపోబోయి దొరికిపోయారు. అదే ఏడాది మినేర్వ్ ఊరిని రాళ్లు విసిరే యంత్రంతో కొట్టి బావికి వెళ్లే దారి ధ్వంసం చేశారు. ఊరు లొంగిపోయాక మతం మార్చుకోని దాదాపు 140 మందిని సజీవంగా కాల్చారు. మోంసెగ్యూర్ అనే కొండకోట దగ్గర 1244 మార్చి 16న అంతకంటే ఎక్కువమందిని, రెండు వందలు దాటి, కాల్చేశారు. అక్కడి కొండ కింద పచ్చిక మైదానంలో చిన్న రాతి స్మారకం ఉంది. పైన కనిపించే గోడలు మాత్రం ఆ తర్వాతివే. ఎక్కడానికి అరగంట పైనే పడుతుంది, నిటారు దారి.

ఇక పెద్దవాళ్ల సంగతి. అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులుంటే కెరిబ్యూస్, పేర్‌పెర్తూజ్, మోంసెగ్యూర్ పైకి తీసుకెళ్లకండి. బదులుగా ప్యూవేర్ కోట ఉంది. కారు దిగాక నడక కొంచెమే. 35 మీటర్ల బురుజులో ఒక గది ఉంది, కప్పు కమానులు ఆనుకునే రాళ్ల మీద వాద్యకారుల బొమ్మలు చెక్కారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో వాయిద్యం. బురుజు లోపల మెట్లు ఎక్కాలి, నెమ్మదిగా ఎక్కొచ్చు. మా అమ్మకు అన్నిటికంటే నచ్చింది ఇదే. లస్తూర్‌లో ఒకే కొండ మీద నాలుగు కోటలు వరసగా ఉంటాయి. ఎక్కలేనివాళ్లు లోయకు ఇవతల ఉన్న వ్యూపాయింట్‌కు కారులో వెళ్లి నాలుగూ ఒకేసారి చూడొచ్చు. సాయంత్రం వెలుగులో బాగుంటుంది. విల్‌రూజ్-తెర్మెనెస్ కోటైతే ఊరి మధ్యలోనే ఉంది.

తిండి విషయంలో జాగ్రత్త. ఈ ఊళ్లలో మధ్యాహ్నం రెండు దాటితే వంటగది కట్టేస్తారు, ఎంత బతిమాలినా లాభం లేదు. శాకాహారులకు మేకపాల చీజ్ వేసిన సలాడ్ తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఇక్కడి ప్రసిద్ధ వంటకం కాసూలేలో బాతు మాంసం, సాసేజ్ ఉంటాయి. మేం పులిహోర కట్టుకెళ్తాం. నీళ్లు, పెట్రోలు కూడా పెద్ద ఊళ్లోనే నింపుకోండి.

జూన్ మంచి నెలే. జులై, ఆగస్టుల్లో ఎండకు తోడు కార్చిచ్చు భయంతో అడవి దారులు మూసే రోజులుంటాయి. జనవరిలో కొన్ని కోటలు అసలు తెరవరు.

కారు అంటారా, కోర్బియేర్‌కు దాదాపు తప్పదు. బస్సులున్నా వాటి టైములు మన కోసం పెట్టినవి కావు. ఇండియా లైసెన్స్‌తో పాటు అంతర్జాతీయ పర్మిట్ తెచ్చుకోండి. ఊళ్ల లోపల బోర్డు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్లకే ముందు దారి ఇవ్వాలి, ఇది మనవాళ్లకు అలవాటు కావడానికి టైం పడుతుంది. తులూజ్ నుంచి క్యూక్యూన్యాన్ రెండున్నర గంటలు, పెర్పిన్యాన్ నుంచైతే గంటలోపే.

అసలు డ్రైవింగే వద్దనుకుంటే తులూజ్‌లో దిగి ఒకరోజు ఫువా, ఇంకోరోజు కార్కసోన్ పెట్టుకోండి, రెండింటికీ రైలుంది. ఫువాలో మూడు బురుజుల కోట ఊరి నడిబొడ్డున రాతిగుట్ట మీద కనిపిస్తుంది. కార్కసోన్ శిథిలం కాదు. 19వ శతాబ్దంలో వియొలె-ల-దూక్ అనే వాస్తుశిల్పి పునరుద్ధరించాడు, ఆ బురుజుల నల్లపలక టోపీల మీద పండితులకు అభ్యంతరాలున్నాయి. అయినా చూడదగ్గదే. కోట గోడల లోపలి ఊరికి టికెట్ లేదు, లోపలి కౌంట్ కోటకు, ప్రాకారాల మీద నడవడానికి ఉంది. జూన్‌లో పొద్దున పది దాటితే జనంతో వీధుల్లో అడుగు పెట్టలేం కాబట్టి మొదటి రైలు పట్టుకోండి.