దగ్గితే పడిపోతోంది... ఆపరేషన్ తప్పదా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు, బరువు 78 కిలోలు. ఇద్దరు పిల్లలు, రెండూ సాధారణ కాన్పులే. రెండేళ్లుగా దగ్గినా తుమ్మినా, రైతు బజారు నుంచి కూరల సంచి మోసుకొచ్చి మెట్లెక్కినా మూత్రం పడిపోతోంది. బీచ్ రోడ్డులో పొద్దుటి వాకింగ్ మానేశాను. ఏటా సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేదాన్ని, నిరుడు జ్వరమని అబద్ధం చెప్పి ఇంట్లో ఉండిపోయాను. బయటికెళ్లే రోజు నీళ్లు కూడా తాగను. మా వదిన ఒక్కదానికే చెప్పాను, కాన్పులైన ఆడవాళ్లందరికీ ఉండేదేలే అంది. బీపీ మాత్రలు వాడుతున్నాను. ఆపరేషనంటే చచ్చేంత భయం. వేరే దారి ఏమైనా ఉందా?
– ఒక సోదరి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: ఉందమ్మా. అసలు ఆపరేషన్ మాట రావాల్సింది చివర్లో. చాలామందికి ఉండేదే అన్నంత వరకు మీ వదిన చెప్పింది నిజం, కానీ చాలామందికి ఉన్నంత మాత్రాన భరించి తీరాలని ఎక్కడా లేదు.

మూత్రాశయాన్నీ మూత్రనాళాన్నీ కింద నుంచి మోసే కండరాలు కాన్పుల వల్ల, బరువు వల్ల, నెలసరి ఆగే వయసు వల్ల నులక వదులైన మంచంలా జారతాయి. దగ్గినప్పుడు పొట్టలోంచి ఒత్తిడి ఒక్కసారిగా కిందికి వస్తుంది, ఆ కండరాలు తట్టుకోలేవు, నాలుగు చుక్కలు పడిపోతాయి. వదులైనదాన్ని మళ్లీ బిగించుకోవచ్చు. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టరు రాసిన వ్యాయామాలే ఇప్పటికీ మొదటి వైద్యం.

ఎలా చేయాలో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ పోకుండా ఎలా బిగబడతారో అలా మలద్వారాన్నీ, దానితోపాటు యోనినీ లోపలికి, పైకి లాగండి. పిరుదులు, తొడలు, పొట్ట బిగుసుకోకూడదు, ఊపిరి మామూలుగా ఆడుతూ ఉండాలి. మొదట్లో మూడు నాలుగు సెకన్లు పట్టి ఉంచి, తర్వాత మళ్లీ అంతే సేపు పూర్తిగా వదిలేయండి. మెల్లగా పది సెకన్ల దాకా పెంచుకోవచ్చు. పూటకి ఎనిమిదిసార్లకు తగ్గకుండా, రోజుకి మూడు పూటలు, కనీసం మూడు నెలలు. పదిహేను రోజులు చేసి ఏం మారలేదని మానేయొద్దు, కండరం అంత తొందరగా గట్టిపడదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం వ్యాయామం కాదు, దాన్ని అలవాటు చేసుకోకండి.

చెబితే విని ఇంట్లో చేసేవాళ్లలో కొందరు పైకి లాగాల్సింది పోయి కిందికి ముక్కుతుంటారు, దానివల్ల సమస్య ఇంకా పెరుగుతుంది. అందుకే ఒక్కసారైనా గైనకాలజిస్టు దగ్గరో, ఈ పని తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గరో పరీక్ష చేయించుకుని సరిగ్గా చేస్తున్నారో లేదో చూపించుకోండి. ప్రైవేటుకి వెళ్లే స్తోమత లేకపోతే ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో గైనిక్ ఓపీకి వెళ్లండి. సిగ్గుపడొద్దు, డాక్టర్లకి ఇది రోజూ వినే మాటే.

ఇంకో చిన్న కిటుకు ఉంది: తుమ్ము వస్తోందనగానే, సంచి ఎత్తే ముందే ఆ కండరాన్ని బిగించండి, తుమ్మాక వదలండి. అలవాటైతే దీనికి ఫలితం త్వరగా కనిపిస్తుంది.

బరువు సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. 2009లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, అధిక బరువున్న మహిళలు సగటున 8 శాతం బరువు తగ్గితే వారంలో లీకయ్యే సందర్భాలు 47 శాతం తగ్గాయి. మీ లెక్కలో అది ఆరు కిలోలు, అంతే. వాకింగ్ మానేస్తే ఆ ఆరు కిలోలు ఎలా తగ్గుతాయి? ప్యాడ్ పెట్టుకునైనా సరే రేపే మొదలుపెట్టండి. నీళ్లు మానేయడం కూడా తప్పే, విశాఖ ఉక్కపోతకి అసలే ఒళ్లంతా చెమట, పైగా మూత్రం చిక్కబడి మంట, మలబద్ధకం మొదలవుతాయి. మలానికి ముక్కిన ప్రతిసారీ ఆ కండరాల మీదే భారం పడుతుంది.

మీ బీపీ మాత్ర పేరు రాయలేదు. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటివి కొందరికి పొడిదగ్గు తెప్పిస్తాయి, ప్రాజోసిన్ మూత్రనాళాన్ని వదులు చేస్తుంది. సొంతంగా ఆపకండి, చీటీ తీసుకెళ్లి మీ డాక్టర్ని అడగండి.

వ్యాయామం పని చేసేలోగా పెసరీ అని సిలికాన్ రింగు ఉంటుంది. డాక్టరు కొలత చూసి యోని లోపల అమరుస్తారు, అది మూత్రనాళానికి ఆసరా ఇస్తుంది. అవసరమైనప్పుడు పెట్టుకుని తర్వాత తీసేసే రకాలూ ఉన్నాయి, 32 కిలోమీటర్ల ప్రదక్షిణకి మీలాంటివాళ్లకి అదే ధైర్యం. నెలసరి ఆగి అక్కడ పొడిబారినట్టుంటే, డాక్టరు సలహాతో ఈస్ట్రోజన్ క్రీము కొందరికి పనికొస్తుంది. డులాక్సెటిన్ అనే మాత్ర కొన్ని దేశాల్లో ఇస్తారు కానీ వికారం ఎక్కువ, మొదటే దాని జోలికి వెళ్లక్కర్లేదు. ఇక లేజర్‌తో నొప్పి లేకుండా బిగిస్తామనే ప్యాకేజీలకి డబ్బు తగలేయకండి. అలాంటి పరికరాలతో కాలిన గాయాలు, మచ్చలు, నొప్పి రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది.

మూత్రంలో రక్తం, మంట, కింద ఏదో జారినట్టు అనిపించడం, కదలకపోయినా కారుతూనే ఉండడం... వీటిలో ఏదున్నా వ్యాయామంతో కాలయాపన చేయొద్దు. దగ్గకుండానే అర్జెంటుగా వచ్చి బాత్రూంకి చేరేలోపే పోతుంటే అది వేరే సమస్య, దానికి వైద్యమూ వేరు.

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. కాన్పై రెండు నెలలైంది. తుమ్మితే మూత్రం పడుతోంది. అమ్మ నడికట్టు బిగించి కడుతోంది, తగ్గుతుందంటోంది. నిజమేనా?
– గాజువాక నుంచి ఒక చెల్లెలు

జవాబు: కొత్తగా కాన్పైనవాళ్లలో ఇది మామూలే తల్లీ, చాలామందికి నెలల్లో తగ్గిపోతుంది. కానీ నడికట్టుతో ఈ కండరాలు బిగుసుకోవు. పైన చెప్పిన వ్యాయామం నొప్పి లేకుండా చేయగలిగినంత ఇప్పుడే మొదలుపెట్టు, పాలిచ్చే ప్రతిసారీ చేస్తే మర్చిపోవు. ఇంకో మూడు నెలలు చేసినా తగ్గకపోతే కాన్పు చేసిన డాక్టరుకే చూపించు, రెండో బిడ్డ పుట్టాక చూద్దాంలే అనుకోకు.