నువ్వుల నూనెలో కాల్షియం ఉంటుందా?

ప్రశ్న: నువ్వుల నూనె త్వరగా ముక్కిపోదంటారు, కారణమేమిటి? నువ్వుల్లోని కాల్షియం నూనెలోకి కూడా వస్తుందా?

జవాబు: నువ్వుగింజ బరువులో దాదాపు సగం నూనే. గానుగాడినప్పుడు ఆ నూనెతో పాటు సెసమిన్, సెసమోలిన్ అనే పదార్థాలూ దిగుతాయి. గింజలను ముందుగా దోరగా వేయిస్తే నూనె లేత పసుపు నుంచి గోధుమ రంగుకు తిరగడమే కాక, సెసమోలిన్‌లో కొంత సెసమోల్‌గా మారి, గాలి తగిలి నూనె చెడిపోవడాన్ని అడ్డుకుంటుంది. తేలిగ్గా ఆక్సీకరణం చెందే, అంటే గాలి తగిలి చెడే, లినోలిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం సుమారు 40 శాతం ఉన్నా ఈ నూనె చాలాకాలం నిలవడానికి అదొక ముఖ్య కారణం. కాల్షియం మాత్రం నూనెలోకి రాదు, తెలకపిండిలోనే ఉండిపోతుంది. సీసాల మీద రాతలు ఏమి చెప్పినా, కాల్షియం కావలసినవారు నువ్వులే తినాలి.