స్వర సందేహాలు: వయొలిన్ కొనేముందు

ప్రశ్న: మా బాబుకు ఎనిమిదేళ్లు. కర్ణాటక వయొలిన్‌లో చేర్పించాం. దుకాణానికి వెళ్తే, ‘‘పిల్లలు ఇట్టే ఎదుగుతారు మేడమ్, ఫుల్‌సైజే తీసుకోండి, మళ్లీ కొనే పనుండదు’’ అంటున్నారు. మాస్టారేమో హాఫ్‌సైజు చాలన్నారు. ఎవరి మాట వినాలి? ఏమేం చూసి కొనాలి?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మాస్టారి మాటే వినండి. చొక్కా వదులైతే మడిచి తొడగొచ్చు. వయొలిన్ పెద్దదైతే స్వరస్థానాల మధ్య దూరమే పెరుగుతుంది. వేళ్లు అందక అపస్వరం అలవాటైపోతుంది. ఫుల్‌సైజు బాడీ సుమారు 14 అంగుళాలు, హాఫ్‌సైజు 12 పైచిలుకు. బాబును వెంట తీసుకెళ్లండి. వయొలిన్ గెడ్డం కింద పెట్టి ఎడమచేయి పూర్తిగా చాపించండి. చివరి చుట్ట అరచేతిలోకి వచ్చి, వేళ్లు దాన్ని తేలిగ్గా చుట్టుకోవాలి. మన పద్ధతిలో కింద కూర్చుని పాదానికి ఆనించి వాయించినా కొలత ఇదే.

సేల్స్ కుర్రాడు గబగబా ఓ సినిమా పాట వాయించేస్తాడు. వేగంలో లోపాలు వినపడవు. ‘‘పాట వద్దు బాబూ, ఒక్కో తీగ మీద కమాను నిదానంగా, పొడుగ్గా లాగు’’ అనండి. నాలుగు తీగలూ మీ ఎదుటే శ్రుతి చేయించి, పది నిమిషాలు పక్కన పెట్టించి మళ్లీ వినండి. కొత్త తీగలు కాస్త దిగడం మామూలే. తీగను బిగించే బిరడా దానంతటదే వెనక్కి తిరిగిపోతుంటే మాత్రం రంధ్రంలో సరిగ్గా కూర్చోలేదని అర్థం. ‘‘వాడగా వాడగా సర్దుకుంటుంది’’ అంటారు, సర్దుకోదు. అక్కడే సరిచేయించండి.

సన్న తీగ వైపున్న ‘ఎఫ్’ ఆకారపు రంధ్రంలోకి సెల్‌ఫోన్ లైటు వేసి చూడండి. లోపల సౌండ్‌పోస్ట్ అనే చిన్న కర్రపుల్ల నిలువుగా కనిపించాలి. దానికి జిగురుండదు, బిగువు మీదే నిలుస్తుంది. అది పడిపోతే నాదం చప్పబడుతుంది. ఆ స్థితిలో తీగలు బిగిస్తే పైచెక్క కుంగొచ్చు. అందుకే తీగలు మార్చేటప్పుడు నాలుగూ ఒకేసారి విప్పకూడదు.

చవక రకాల్లో తీగలను ఎత్తిపట్టే చెక్క, అదే బ్రిడ్జిని సరిగ్గా చెక్కకుండానే పెట్టేస్తారు. తీగలు ఎత్తుగా ఉండి పిల్లాడి వేళ్లు మండుతాయి. ఫుల్‌సైజులో ఫింగర్‌బోర్డు (తీగల కింద వేళ్లు నొక్కే నల్ల పలక) బ్రిడ్జి వైపు చివర సన్న తీగ ఎత్తు 3 మిల్లీమీటర్లు, లావు తీగ ఎత్తు 5 దాటి మరీ పోకూడదు. చిన్న సైజుల్లో ఇంకా తక్కువ. ఫింగర్‌బోర్డును తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి. నలుపు అంటితే అది నల్లచేవ కాకపోవచ్చు, రంగు పూసిన మెత్తకర్ర అయ్యుండొచ్చు. మెత్తకర్రైతే గమకాలకు వేళ్లు జారే చోట తొందరగా గాడి పడుతుంది.

కొత్త కమానుకు రోజిన్ (కమాను వెంట్రుకలకు రుద్దే గట్టి బంక) బాగా పట్టిస్తే తప్ప శబ్దం రాదు. అది చూసి వయొలిన్ బాగాలేదని ఖరీదైనది చూపిస్తే మోసపోకండి. బాబు ఎదిగాక పాతది ఇచ్చి తర్వాతి సైజైన త్రీఫోర్త్ తీసుకుంటే ఎంత తగ్గిస్తారో ఇప్పుడే అడిగి బిల్లు మీద రాయించుకోండి. ఇక మన ఎండల్లో కారు డిక్కీలో వదిలారో, జిగురు మెత్తబడి అతుకులు విడిపోతాయి.

ప్రశ్న: పాత వీణ ఒకటి అమ్మకానికి వచ్చింది. ఏకాండీ అంటున్నారు కానీ మెట్లు కొన్ని కదులుతున్నాయి. కొనొచ్చా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మెట్లు కూర్చునేది మైనం మీద. వేసవికి అది మెత్తబడుతుంది, మేళం, అంటే మెట్ల వరుస, మళ్లీ కట్టిస్తే సరి. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. దండి (మెట్లుండే పొడవాటి భాగం) వంగినా, కుండ (గుండ్రటి బోలు భాగం) పగిలినా వద్దు. ఏకాండీ అంటే కుండ, దండి ఒకే దుంగలోంచి తొలిచినవి. కుండ మీది పలక మాత్రం విడిగానే ఉంటుంది. కాబట్టి పలక అంచు చూసి కంగారుపడకండి. వీణను బోర్లించి, దండి కుండలో కలిసే చోట గీత ఉందేమో వెతకండి. అక్కడ అలంకారపు పట్టీ చుట్టి ఉంటే దాని కింద అతుకుందేమో అడగండి.