మిలిటరీ జీపు కొనే ముందు

చి. అల్లుడు సుధాకర్‌కు ఆశీస్సులు.

అనంతపురంలో చూడబోతున్న జీపు మిలిటరీదని అమ్మేవాళ్లు అంటున్నారు గదా, రంగు చూసి ఆ మాట నమ్మొద్దు. ఆకుపచ్చ రంగు, బానెట్ మీద తెల్ల నక్షత్రం ఏ పెయింటరైనా ఒక్క పూటలో వేస్తాడు. వెనక కొక్కెం, జెర్రీక్యాన్, మడ్‌గార్డు మీది చిన్న దీపం బోల్టులతో బిగించుకునేవే. వాటికని రూపాయి కూడా ఎక్కువ ఇయ్యొద్దు.

మొదట గ్రిల్ చూడు. రెండో ప్రపంచ యుద్ధకాలపు మిలిటరీ జీపులైన విల్లీస్ ఎంబీకి, ఫోర్డ్ జీపీడబ్ల్యూకి రేకులో 9 చీలికలుంటాయి (1941-42 నాటి తొలి విల్లీస్ బండ్లకు మాత్రం పట్టీలు వెల్డింగ్ చేసిన గ్రిల్). హెడ్‌లైట్లు గ్రిల్ వెనక ఉంటాయి. బానెట్ ఎత్తి, లైటు బ్రాకెట్‌కున్న చెవుల నట్టు వదులు చెయ్. లైటు వెనక్కి తిరగబడి ఇంజిన్ మీద వెలుగు పడాల. రాత్రిపూట రిపేరు కోసం అట్ల చేసినారు. 1945లో వచ్చిన సివిల్ సీజే-2ఏకు 7 చీలికలు, పెద్ద లైట్లు, అవి కదలవు. అయితే 7 ఉంటే సివిలేనని తేల్చెయ్యొద్దు. 1950ల నాటి ఎం38 మిలిటరీదే, దానికీ 7. దాని కరెంటు 24 వోల్టులు, ఎంబీది, సీజే-2ఏది 6.

తర్వాత డ్రైవరు సీటు ఎత్తు. ఎంబీకి పెట్రోలు పోసే మూత సీటు కిందే ఉంటుంది, సీజే-2ఏకు బాడీ పక్కన బయటికి ఉంటుంది. ఎంబీకి వెనక తలుపు లేదు, సీజే-2ఏకు ఉంది. ఆ తలుపును వెల్డింగ్‌తో మూసేసి, స్టెప్నీ తగిలించి మిలిటరీ అంటారు. లోపలివైపు వేళ్లతో తడుము. పుట్టీ కింద వెల్డింగ్ గీత గరుగ్గా తగుల్తాది.

ఎంబీలన్నీ ఎడమ స్టీరింగువే. కుడికి మార్చిందైతే స్టీరింగ్ బాక్సు ఛాసిస్‌కు అతికిన చోట పగుళ్లున్నాయేమో వెతుకు. బానెట్ మరీ ఎత్తుగా ఉంటే అది మహీంద్రా కూడా కట్టిన సీజే-3బీ రకం. గాలి, పెట్రోలు లోపలికి పోయే ఇన్‌టేక్ వాల్వులు ఇంజిన్ పైనుండే హెడ్‌లో ఉండేసరికి ఆ ఎత్తు కావాల్సొచ్చింది.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఛాసిస్. రేడియేటర్ కింది అడ్డకమ్మి గుండ్రటి గొట్టమైతే విల్లీస్, బోర్లించిన తొట్టి మాదిరి ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ బోల్టుల తలల మీద ‘ఎఫ్’ అచ్చు కూడా ఉంటుంది. ఇంజిన్ నంబరును మాత్రం ఆధారం చేసుకోవద్దు, డీజిల్ ఇంజిన్ వేసిన జీపులు చానా ఉన్నాయి.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు నాయనా. కొన్ని మిలిటరీ రిమ్ములు రెండు ముక్కలు. నడుమ 5 నట్లు చక్రాన్ని హబ్‌కు బిగించేవి, వాటి బయటి వరుస నట్లు ఆ ముక్కల్ని పట్టి ఉంచేవి. గాలి ఉండగా ఆ బయటివి విప్పితే రిమ్ము ఎగిరొచ్చి ప్రాణం తీస్తాది.

సైన్యం వేలంలో అమ్మిన బండైతే ఫారం 21 అమ్మకపు సర్టిఫికెట్ అసలుది అడుగు. దాంట్లోని ఛాసిస్ నంబరూ బండి మీదిదీ అంకె అంకె సరిపోవాల. రుద్ది మళ్లీ కొట్టినట్టుంటే బేరం వదిలెయ్.

పగటిపూటే పో. బండి కింద పడుకోను గోనెసంచి, ఒక టార్చి, ఛాసిస్ మీది మడ్డి తుడవను కిరసనాయిలు గుడ్డ వెంట పెట్టుకో.

నీ మేనమామ